నీలి పొట్ట నెమళ్ళు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పెళ్ళి ఎవరింట్లో ఉందో గోడ చూస్తే తెలిసిపోయేది. కొత్తగా సున్నం వేసిన గోడ మీద గుమ్మానికి అటొకటి ఇటొకటి రెండు నెమళ్ళు, పైన పెళ్ళికూతురి పేరు, పెళ్ళికొడుకు పేరు. ఎల్లారెడ్డి నుంచి ఒక పెయింటర్ చాచా సైకిల్ మీద వచ్చి వాటిని వేసేవాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయనే.

నాకు బొమ్మలంటే పిచ్చి. అగ్గిపెట్టె మీది బొమ్మ, బీడీ కట్ట కాగితం, విత్తనాల సంచి మీది మక్క కంకి, ఏది దొరికినా కత్తిరించి పాత నోటుబుక్కులో అంటించేవాణ్ణి. వాటిలో ఎక్కడా ఖాళీ ఉండేది కాదు. అంచు నుంచి అంచు దాకా రంగే. బొమ్మంటే అలాగే ఉండాలనుకునేవాణ్ణి. పైగా బడిలో బాగా గీస్తాడన్న పేరొకటి ఉండేది. ఆ పేరు నాకు మేలు చేయలేదు.

నేను అయిదో తరగతిలో ఉండగా పక్కింటి అక్క పెళ్ళి కుదిరింది. పొద్దున్నే చాచా వచ్చాడు. సుద్దపొడి పూసిన దారాన్ని గోడకు ఆనించి, లాగి వదిలి, తిన్నటి గీతలు కొట్టాడు. కొబ్బరి చిప్పల్లో రంగులు కలిపాడు. మధ్యాహ్నానికి రెండు నెమళ్ళూ తయారయ్యాయి. తోకలో ఒక్కో కన్నూ మూడేసి రంగులు. పొట్ట మాత్రం రెండింటికీ తెల్లగా, ఒట్టి సున్నంగా వదిలేశాడు. మరిచిపోయాడేమో అనుకొని అడిగాను.

“మర్వలే బేటా. అంత నింపితే చూసెటోని కన్ను యాడ కూసోవాలె? జర జాగ ఇయ్యాలె” అన్నాడు.

నాకు ఆ మాట నచ్చలేదు. ఆ రోజు శుక్రవారం. ఎవ్వరూ గోడ ముట్టొద్దని చెప్పి, చాచా నమాజుకు ఎల్లారెడ్డి వెళ్ళాడు. ఇంట్లోవాళ్ళంతా పెరట్లో వంట పనుల్లో ఉన్నారు. నేను నీలం చిప్ప తీసుకొని ఎడమ వైపు నెమలి పొట్ట నింపేశాను. నా నోటుబుక్కులో బొమ్మలాగా నిండుగా చేద్దామనుకున్నాను. ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. చాచా కంటే నాకే బాగా తెలుసని అనుకున్నాను.

సున్నం ఇంకా పూర్తిగా ఆరలేదు. కుంచె నిండా ముంచిన నీలం గీత దాటి కాళ్ళ మీదికి కారింది. చొక్కా అంచుతో తుడిస్తే ఇంకా పాకింది. చిప్ప అక్కడే పెట్టి ఇంటికి పరుగెత్తాను.

చాచా తిరిగి వచ్చేసరికి అక్క వాళ్ళ నాన్న గోడ ముందు నిలబడి ఉన్నాడు. ఆయన్ని నేను పెద్దబాపు అనేవాణ్ణి. ఏమీ తెలియనట్టు నేనూ వచ్చి జనంలో నిలబడ్డాను.

“ఏంది సాబ్ గిది? నెమలా, నీలిమందు డబ్బల వడ్డ కోడా?” అన్నాడు పెద్దబాపు. ఎవరో కిసుక్కుమన్నారు. “పొద్దుగూకంగ పిల్లగాని తరఫోళ్లు దిగుతరు. మా ఇజ్జత్ పోతది. చేతగాకుంటే ముందుగాల చెప్తే కామారెడ్డి నుంచి ఇంకొకల్లను పిలుస్తుంటి. వచ్చే నెల మా తమ్ముని బిడ్డ పెండ్లికి నువ్వు రానే వద్దు.”

చాచా గోడను చూశాడు. రంగు చిప్పను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నా చేతులు వెనక్కి కట్టుకొని ఉన్నాయి. గోళ్ళ సందుల్లో నీలం ఇంకా అలాగే ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను చెప్పలేదు.

“నా చెయ్యి తప్పింది పటేలా” అన్నాడు చాచా. “జరసేపు ఆగు, సక్కగ చేస్త.”

మళ్ళీ సున్నం కొడితే సాయంత్రానికి ఆరదు, తడి మచ్చ కనిపిస్తుంది. తుడిచే దారీ లేదు. చాచా నీలం చిప్ప పట్టుకొని కుడి వైపు నెమలి దగ్గరికి వెళ్ళాడు. మచ్చ లేకుండా బాగున్న నెమలి అది. దాని తెల్లటి పొట్టను కూడా నీలంతో నింపేశాడు. కాళ్ళ మీదికి అంతే పొడవున, అంతే వంకరగా రంగు కారనిచ్చాడు. తర్వాత రెండు వైపులా ఆ కారిన చారల చుట్టూ సన్నటి గీత గీసి వాటిని ఈకలు చేశాడు.

అప్పుడు నన్ను పిలిచి రోడ్డు అవతలికి తీసుకుపోయాడు.

“ఇగ చూడు. ఏది తప్పు?”

ఎంతసేపు చూసినా నాకు రెండూ ఒకేలా కనిపించాయి.

“ఒక్క దిక్కే ఉంటే మచ్చ. రెండు దిక్కుల పెడితే డిజైన్” అన్నాడు. సైకిల్‌కు కట్టిన సంచిలోంచి సబ్బు ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. “పో, గోళ్లు కడుక్కో. మీ అవ్వ చూస్తది.”

సాయంత్రం పెళ్ళికొడుకు తరఫువాళ్ళు గోడను మెచ్చుకున్నారు. పెద్దబాపు వచ్చే నెల పెళ్ళికి కూడా చాచానే పిలిచాడు, నెమలి పొట్ట నీలంగానే ఉండాలని చెప్పి మరీ. ఆ తర్వాత మా ఊళ్ళో అందరూ అదే అడిగారు. పొట్ట తెల్లగా వదిలే అవకాశం ఆయనకు మా ఊళ్ళో మళ్ళీ రాలేదు. ఆయన చేతిలోని అతి మంచి సంగతిని నేను పోగొట్టానని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అర్థమయ్యేనాటికి చెప్పుకుందామంటే ఆయన లేడు.

ఇప్పుడు కామారెడ్డిలో నాకు ఫ్లెక్సీలు వేసే షాపుంది. చాచా మాటతో ఎన్నో ఫ్లెక్సీలు గట్టెక్కించాను. ఒక మూల మచ్చ పడితే నాలుగు మూలలా పెట్టి పూల డిజైన్ అన్నాను. ఆ విద్య బాగా వంటబట్టింది. ఆ రోజు పెద్దబాపు ముందు తప్పు తన మీద వేసుకుంటూ చాచా అన్న మాట మాత్రం నా నోటికి రాలేదు. తప్పు జరిగినప్పుడల్లా కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి మీదికో, మిషన్ మీదికో నెట్టేవాణ్ణి.

పోయిన ఎండాకాలం దోమకొండ నుంచి వచ్చిన ఒకాయనకు పెళ్ళి ఫ్లెక్సీ వేశాం. తొందరలో నేనే కొలత తప్పుగా ఇచ్చాను. పెళ్ళికూతురి ముఖం సగం తెగిపోయింది. ఆయన గొంతు పెంచగానే అలవాటుగా ఆ అమ్మాయి వైపు తిరిగి, “ఏందమ్మా, చూసుకోవద్దా?” అన్నాను. ఆ పిల్ల తల వంచుకుంది. అప్పుడు గమనించాను. నా చేతులు వెనక్కి కట్టుకొని ఉన్నాయి.

చేతులు విప్పడానికి కాస్త సమయం పట్టింది. “ఆ పిల్ల తప్పు కాదన్నా. కొలత నేనిచ్చిన. నా చెయ్యి తప్పింది” అన్నాను. ఆయన ఇంకో పది మాటలు తిట్టాడు. అన్నీ నాకే తగిలాయి, తగలాల్సిందీ నాకే.

ఆ ఫ్లెక్సీ మళ్ళీ వేశాం. ఈసారి పెళ్ళికూతురి ముఖం చుట్టూ పువ్వులేవీ పెట్టకుండా, తెల్లగా, కన్ను కూర్చునేంత జాగా వదిలేశాను.