మునిరత్నం అడిగిన మోకు

మునిరత్నం మరణించి నేటికి ఇరవై రెండు రోజులు. ఆ ఉదయం అతడు మా పొలంలో నా ఎదుట నిలబడి, "అయ్యోరా, మీ కపిల మోకు రెండు దినాలు ఇయ్యండి" అని అడిగాడు. లేదన్నాను. తెగిపోయింది, కొత్తది పేనించాలన్నాను. అతని వెనకనే, తొట్టిలో నానబెట్టి తీసిన మోకు దూలానికి వేలాడుతూ ఇంకా నీళ్ళు కారుస్తూ ఉంది. అతడు తల తిప్పి దాన్ని చూశాడు. నన్ను చూశాడు. "సరే అయ్యోరా, ఎండలో నిలబడద్దండి" అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు కబురు వచ్చింది. హరిజనవాడ బావిలో మోకు తెగి, రాళ్ళగంప మునిరత్నం మీద పడిందట. ఎవరి మోకు అని నేను అడగలేదు.

అతడు మా బడిలో నా దగ్గర చదువుకున్నవాడు. ఐరాల దాటి ఇంజనీరింగు చదువుకు మద్రాసు వెళ్ళినవాడు మా ఊళ్ళో అతడొక్కడే. ఇంకొక్క ఏడాది గడిస్తే ఇంజనీరు. ఈ వేసవిలో నలుగురు హాస్టలు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చి, ఎండిపోయిన హరిజనవాడ బావిని లోతు చేయడానికి పూనుకున్నాడు. తాళ్ళు, గునపాలు, గంపలు ఊరంతా తిరిగి అడిగాడు. గట్టి మోకు మాత్రం నా దగ్గరే ఉంది.

ఎడ్లతో తోలుతిత్తిని లాగించి వంతులవారీగా నీళ్ళు తోడుకునే మా కపిల బావికి నాతో పాటు మరి ఇద్దరు వంతుదార్లున్నారు. ముందురోజు సాయంత్రం వాళ్ళు వచ్చి, "ఆ బావిలో దిగిన మోకు మళ్ళా మన బావిలో దిగేదానికి లేదు. సూసుకో అయ్యోరా, నీ వంతు నీళ్ళు నీకు కావాలా, వద్దా?" అన్నారు. ఏటేటా మా కపిల తోలు కుట్టేది ఆ వాడలోని చెంగయ్యే. అతడు కుట్టిన తోలు మా బావిలో మునగవచ్చు, మా మోకు అతని బావిలో మునగరాదు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు నీతిపాఠాలు చెబుతున్న నాకు ఈ వక్రత తట్టలేదని అనను. తట్టింది. చెరుకు మడి ఎండుతుందని భయపడ్డాను.

మద్రాసులో అతని జీవితం నాకు తెలియదు. వెంట వచ్చిన ఆ నలుగురిలో ఒకడైన షణ్ముగం చెప్పగా విన్నాను. వాళ్ళ భోజనశాలలో కులాన్నిబట్టి రెండు పంక్తులుండేవట. ఒకే పంక్తి చేస్తానని మునిరత్నం మెస్సు సెక్రటరీ పదవికి నిలబడ్డాడు. "మొదటి ఏడు ఓడిపోయినాడండి. ఆ పొద్దే ఓడగొట్టినోళ్ళ పక్కన ఆకేసుకుని కూసున్నాడు. 'గెలిచినోళ్ళారా, సాంబారు నీళ్ళగా ఉండాది, రోంత పప్పన్నా ఎయ్యండప్పా' అన్నాడు. వాళ్ళకే నవ్వొచ్చింది. మరుసటేడు వాళ్ళే ఓట్లేసి గెలిపించినారు" అని చెప్పి షణ్ముగం మొహం పక్కకు తిప్పుకున్నాడు. పంక్తి ఒకటైంది.

పెద్ద ఆనకట్టల పనికి పోతావా అని నేనొకసారి అడిగితే, "ఆనకట్టకు పేర్లు చెక్కే రాయి ఉంటాది అయ్యోరా. వాడలో బావికి యాడుంటాది? నాకు ఆ రాయి లేని పనే కావాల" అన్నాడు. జిల్లా బోర్డులో చిన్న ఉద్యోగం సంపాదించి, కాణిపాకం నుంచి మొదలుపెట్టి వాడవాడకూ బావి తవ్వించాలన్నది అతని ఆశ. ఏ వాడలో ఎన్ని అడుగులకు ఊట తగులుతుందో అడిగి తెలుసుకుని ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాడు. ఇంత చదువు చదివి ఇదా కోరిక అని ఆనాడు నవ్వాను.

నా దగ్గరి నుంచి మునిరత్నం వట్టి చేతులతో పోయాక చెంగయ్య మూడు పాత మోకులు కలిపి పేనాడట. దాన్ని లాగి చూసి అతడు కిందినుంచి స్నేహితులను పైకి పంపేశాడు. "మోకు మీద నమ్మకం లేనప్పుడు కింద ఉండాల్సింది పని సెప్పినోడే" అని తానొక్కడే గంపలు నింపాడు. ఏడో గంపకు మోకు తెగింది.

నేను పరుగున వెళ్ళేసరికి బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టారు. "పుత్తూరుకు పోదామబ్బా, ఎముకలకు కట్టు కడతారు" అన్నారొకరు. "ఎముక గాదు, లోపల తగిలినాది. చిత్తూరు ఆస్పత్రికి తోలు" అన్నాడు చెంగయ్య. నేనూ బండెక్కాను. సగం దారిలో మునిరత్నం కళ్ళు తెరిచాడు. నా మోకు మాట ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. "మోకు అట్ల కట్టమనింది నేనే అని రాయించండి. చెంగయ్య మామ మీదికి ఏమీ రానీయొద్దండి. ఇంక మూడడుగులు తోడితే ఊట తగులుతాది" అన్నాడు. చిత్తూరు పొలిమేర చేరకముందే ప్రాణం పోయింది.

మరునాడు మునసబు విచారణకు కూర్చుని, "మోకు ఎవురిది?" అన్నాడు. "నాదే సామీ. పాతవి కలిపి పేనినాను" అన్నాడు చెంగయ్య. చెంగయ్య అజాగ్రత్త అని కాగితం మీద పడింది. చనిపోయేవాడు నాకప్పగించిన ఒక్క మాట ఉంది. నేను నోరు తెరవలేదు. బయటికి వస్తుంటే మునిరత్నం నాయన నా చెయ్యి పట్టుకుని, "మావోడు ఇవన్నీ మీ బడిలోనే గదా అయ్యోరా నేర్సుకునింది" అన్నాడు. ఆ ముసలాయన గర్వంగానే అన్నాడు.

మూడోనాడు మునసబు ఇంటికి వెళ్ళాను. "మునిరత్నం సెప్పినట్టే చెంగయ్య కట్టినాడు. మంచి మోకు నా దగ్గరుండాది. అడిగితే లేదని అబద్ధం సెప్పినాను. రాసుకో" అన్నాను.

"అది రాసేదానికి కాగితంలో సోటు లేదు. పో అయ్యోరా, ఇంటికి పో."

"పక్కన రాయప్పా. సోటు చాలకపోతే ఎనక రాయి."

నేను కదలలేదు. విసుక్కుంటూనే రాశాడు. సంతకం చేశాను.

అక్కడి నుంచి మోకు భుజాన వేసుకుని, ఎడ్లను తోలుకుని హరిజనవాడకు పోయాను. చెంగయ్య దాన్ని చేతుల్లోకి తీసుకుని, పేట పేటా విప్పి చూసి, "మంచి మోకు సామీ" అన్నాడు. అంతకంటే కఠినమైన మాట నా జన్మలో వినలేదు.

షణ్ముగమూ మిగిలిన ముగ్గురూ ఊరికి పోకుండా ఉండిపోయారు. వాళ్ళు కింద తవ్వారు, నేను ఎడ్లను తోలాను. మూడో అడుగు పూర్తి కాకముందే గునపం కింద ఊట తగిలింది. మునిరత్నం లెక్క సరిపోయింది. కేక వేసి చెప్పుకోవలసినవాడు లేడు. ఇటువంటివాడు మా ప్రాంతంలో మళ్ళీ ఎప్పుడు పుడతాడో నాకు తెలియదు. పుట్టినా మా వంటివాళ్ళ మధ్యనే కదా పెరగాలి.

మోకు తిరిగి తెచ్చుకోలేదు. అది ఆ బావి గిలక మీదే ఉంది. వంతుదార్లు నా వంతు ఆపేశారు, చెరుకు ఎండుతోంది. ఇంటికి తాగే నీళ్ళు రోజూ పొద్దున్నే ఆ బావి నుంచి నేనే బిందెతో మోసుకొస్తున్నాను. దారి వంతుదార్ల అరుగుల ముందు నుంచే.