ఇంకొంచెం వెనక్కి

ఒంటరి చెట్టును ఫోటో తీయడం ఎవరికైనా వస్తుంది. నాలుగంతస్తుల చెట్టును పద్నాలుగంతస్తులది చేయడం మాత్రం నా ఒక్కడికే వచ్చని అనుకునేవాణ్ణి.

బెడోక్‌లో మా బ్లాకు వెనక ఒక ఖాళీ మైదానం ఉంది. అందులో ఒకే ఒక్క నిద్రగన్నేరు చెట్టు. సింగపూర్‌లో చెట్లకు కరువు లేదుగానీ, పక్కన ఒక దీపస్తంభమో, ఎవరో ఆరేసిన బట్టలో లేకుండా నిలబడ్డ చెట్టు దొరకడం కష్టం. వారమంతా సైన్స్ పార్క్‌లోని ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న ఈ నడుము, ఆదివారం పొద్దున్నే ఆ గడ్డిలో బోర్లా పడుకునేది. కెమెరాను నేలకు ఆనిస్తే వెనకున్న ఫ్లాట్లు కొమ్మల చాటుకు పోతాయి. మాను నడిమధ్యకు రాకూడదు. కొమ్మలు ఎటు వాలితే అటువైపు ఆకాశం కాస్త ఎక్కువ వదలాలి. ఇంతవరకూ అందరూ చేసేదే. నా కిటుకు మా ఆవిడ.

ఆమెను చెట్టు దాటించి, మైదానం అవతలి అంచున ఉన్న బెంచీ దాకా పంపేవాణ్ణి. నేలబారుగా తీస్తే మధ్యనున్న దూరం కనబడదు. పసుపు గొడుగు పట్టుకున్న మనిషి చెట్టు మొదట్లోనే ఆవగింజంత నిలబడినట్టు ఉంటుంది. మనిషే అంతుంటే చెట్టు ఎంతుండాలి?

"ఇంకొంచెం వెనక్కి!" అని అరిచేవాణ్ణి.

"ఇంకెంత వెనక్కండీ? మలేసియా వచ్చేట్టుంది!" అనేది నడుస్తూనే.

ఆ ఫోటోలు తెనాలిలో ఉన్న మా బామ్మర్దికి పంపేవాణ్ణి. ఈ చెట్టు అడ్డమని ఇక్కడ దిగే విమానాలు ఎడమవైపుకు తిరిగి వెళ్తాయని, దాని ఒక కొమ్మ మీద పడిన వాన రెండో కొమ్మకు తెలియదని ఒక ముక్క జోడించేవాణ్ణి. వెంటనే ఫోన్ వచ్చేది.

"బావా, మా ఊరంతా దాని కిందికొచ్చినా ఇంకా నీడ మిగిలేట్టుందే! నీతో కాదుగానీ, ఫోన్ అక్కకివ్వు."

ఆమె ఫోన్ తీసుకుని, "నిజమేరా, నేను కిందే నిలబడ్డాగా" అనేది. ముఖంలో ఒక్క రేఖ కదిలేది కాదు. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఆమె చెప్పిన అబద్ధాలన్నీ నావే.

ఆఖరి ఆదివారం ఆమె చెట్టు దాటి వెళ్ళలేదు. గొడుగు ముడిచి, మానుకు చెయ్యి ఆనించి నిలబడింది.

"ఏమండీ, ఇవాళ ఇక్కడే ఉంటాను. చెట్టును పట్టుకున్నట్టు నాకొకటి తీయండి."

అలవాటు కొద్దీ నొక్కాను. తెరమీద చూసుకుంటే ముఖం స్పష్టంగా, నవ్వుతూ వచ్చింది. ఆమె పక్కన చెట్టు మాత్రం ఉన్నంతే ఉంది. నాలుగంతస్తులు కూడా లేదేమో! అక్కడికక్కడే చెరిపేశాను.

"నువ్వు పక్కన నిలబడితే దాని పరువు పోతుంది. వెళ్ళు, బెంచీ దగ్గరికి వెళ్ళు."

నవ్వి వెళ్ళింది. చేరడానికి చాలాసేపు పట్టింది. ఎండ ముదిరిపోతోందని విసుక్కున్నాను.

ఆ తర్వాత తొమ్మిదో రోజున పోయింది. గుండె చాలా నెలలుగా బలహీనపడుతూ వచ్చిందని డాక్టరు చెప్పాడు. ఆయాసాన్ని ఆమె గ్యాస్ అనేది. నేను సోడా తెచ్చి ఇచ్చేవాణ్ణి.

కర్మలన్నీ అయ్యాక బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, పటం కట్టిస్తాను. అక్కది ఈమధ్యది, నవ్వుతున్నది ఒకటి పంపు."

నేనూ మా అమ్మాయీ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. ఈమధ్యవన్నీ చెట్టువే. అమ్మాయి ఒక్కొక్క ఫోటోలో ఆ పసుపు చుక్కను పెద్దది చేస్తూ వచ్చింది. మొదటి వాటిలో గొడుగు తలమీద ఉంది. కొన్ని వారాలకు అదే గొడుగు ముడిచి, చేతికర్రలా నేలకు ఆనించి ఉంది. తర్వాత ఒక చెయ్యి బెంచీ వీపు మీదికి వచ్చింది. ఆ ఫోటో చూసి నేను "భలే పోజు" అన్నాను అప్పట్లో. ఆ తర్వాతి వాటిలో కూర్చునే ఉంది. చివరిదాంట్లో తల మోకాళ్ళ మీదికి వంగి ఉంది.

"పోజ్ కాదు లా, డాడీ," అంది అమ్మాయి ఇక్కడి పిల్లల యాసలో. "షీ వాజ్ టయర్డ్."

ఇంకొంచెం పెద్దది చేసింది. ముఖం ఉండాల్సిన చోట గోధుమరంగు చదరాలు నాలుగు కనిపించాయి. ల్యాప్‌టాప్ మూసి, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

బామ్మర్దికి ఏం చెప్పాలో రెండు రోజులు ఆలోచించాను. కెమెరా సముద్రంలో పడిపోయిందని చెబుదామనుకున్నాను. కథ సిద్ధంగానే ఉంది. అందులో ఒక తాబేలు కూడా ఉంది. కానీ అటునుంచి "బావా" అన్న మాట వినగానే తాబేలు ఎటో పోయింది. ఉన్నదంతా చెప్పేశాను. బెంచీ ఎంత దూరమో చెప్పాను. గొడుగు గురించి చెప్పాను. ఎండ ముదిరిపోతోందని విసుక్కున్నది చెప్పాను. మానుకు చెయ్యి ఆనించి నవ్విన ఫోటో ఒకటి ఉండేదని, చెట్టు చిన్నదిగా కనబడుతోందని దాన్ని చెరిపేశానని కూడా చెప్పాను.

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"బావా," అన్నాడు. "ఇది కూడా నీ కోతల్లో ఒకటేనని చెప్పు."

ఇన్నేళ్ళలో నన్ను ఇక ఆపవయ్యా అన్నవాళ్ళే తప్ప, ఒకటి చెప్పమని అడిగినవాళ్ళు లేరు. మొదటిసారి అతనడిగాడు. నోరు తెరిచాను. ఒక్క ముక్క కూడా రాలేదు.