వేపకొమ్మకు బిగిసిన దారం

నా చిన్నప్పుడు మా మిరపకాయల కల్లం గట్టున ఒక లేత వేపచెట్టు ఉండేది. చుట్టుపక్కల నీడంటూ ఉన్నది అదొక్కటే. మా మేనత్తా, కూలికి వచ్చిన ఆడవాళ్ళూ దాని కిందే కూర్చుని కాయలకు తొడిమలు తీసేవాళ్ళు.

ఒకనాడు నా గాలిపటం ఆ చెట్టుకు చిక్కుకుంది. ఎక్కి, కాగితం చిరగకుండా విడిపించుకుని, దారం తెంపేసి దిగాను. అత్త చేతిలో పని ఆపకుండానే చూసింది.

"ఏమేవ్, గాలిపటం తెచ్చుకున్నావు సరే, దారం ఎవరికి వదిలావు?"

"దారమే కదత్తా! చెట్టుకేం బరువు?"

అత్త నా చేతిలో మిగిలిన దారం తీసుకుని, నా చిటికెన వేలికి గట్టిగా చుట్టి ముడేసింది. "ఈ బుట్టెడు కాయలకీ తొడిమలు తియ్యి. అయ్యేదాకా ముడి ముట్టుకున్నావో, వీపు చిట్లుద్ది!"

మొదట నవ్వొచ్చింది. బుట్ట సగం కాకముందే వేలు ఉబ్బి వంకాయ రంగుకు తిరిగింది. గుక్కపెట్టి ఏడ్చాను. "పసిదాన్ని ఏడిపిస్తావేందమ్మా!" అని ఆడవాళ్ళు కేకలేశారు. అత్త పంటితో ముడి విప్పి, నన్ను చెట్టెక్కించి పడమటి కొమ్మ చూడమంది. పాత దారమొకటి బెరడులోకి దిగిపోయింది. దాని పైన కొమ్మ ఉబ్బి, ఆకు పండుబారింది.

"నీకు నోరుంది కాబట్టి విప్పించుకున్నావు. ఈ నీడ పోతే రేపు మేమెక్కడ కూర్చోవాలే?"

పొద్దు వాలేదాకా పోగు మిగలకుండా తీయించింది. ఆ దారాన్నీ పారేయనివ్వలేదు, ఉండ చుట్టి బీరపాదు పందిరికి వాడింది. ఆ కొమ్మ మాత్రం బతకలేదు. చెట్టు నిలబడింది.

అప్పటిది నూలుదారం, ఎన్నాళ్ళకైనా చీకిపోయేది. ఇప్పుడు మా సత్తెనపల్లి వీధిలో పిల్లలు ఎగరేసేది నైలాను. ఎండకూ వానకూ చావదు, కాకుల కాళ్ళకు కూడా చుట్టుకుంటోంది. అందుకే మా ఇంట్లో గాలిపటం ఎగరేసినవాడు, చెట్టు మీది దారం తెచ్చి నా చేతిలో పెట్టాకే అన్నానికి కూర్చోవాలి. మనవడు సణుగుతాడు, సణగనీ. వీధి చెట్టు మీది దారం తీయడానికి నేను నిచ్చెన వేస్తుంటే, "ఈ వయసులో మీకెందుకండీ?" అన్నారు ఎదురింటాయన. "మీరు కారు పెట్టుకునేది ఆ చెట్టు నీడలోనే కదండీ," అన్నాను. మర్నాడు నిచ్చెన ఆయనే పట్టుకున్నారు.

కొమ్మకు దారం వేలాడుతూ కనబడితే ఈనాటికీ నా చిటికెన వేలు సలుపుతుంది. ఆ సలుపు తగ్గాలంటే, కొక్కెం కట్టిన వెదురు దోటి పట్టుకుని గుమ్మం దిగాల్సిందే.