వేళ్లకు తెలిసిన రాయి

తొలకరి పడిందంటే వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం తల వంచుకుని నడిచే జనంలో నేనూ ఉంటాను. ఇన్నేళ్లలో నాకు దొరికినవి సీసా పెంకులు, ఒక చొక్కా గుండీ, మెడనొప్పి. రాళ్ల గురించి నా పరిజ్ఞానం అంత. అందుకే పోయిన ఏడాది జరిగింది ఇప్పటికీ నా బుర్రకెక్కదు. బుర్రకు చెప్పకుండా జరిగింది కాబట్టే కాబోలు.

వాన పడిన మరునాడు పొద్దున అమ్మా నేనూ పంచలో పక్కపక్కన కూర్చుని శనక్కాయ విత్తనాలు ఏరుతున్నాం. అమ్మ తన చేటలో పుచ్చులు తీసి, మిగిలినవి నా చేటలో పోస్తుంది. నేను రాళ్లు తీసేయాలి. నోరు మాత్రం ఊరి కబుర్లలో ఉంది. ఆఖరి చేట అయ్యాక అమ్మ ముక్కు తడుముకుంది. ముక్కుపుల్లలో తెల్లరాయి లేదు. ముఖం కడుక్కున్నప్పుడు ఉందట.

అది నాయన పెట్టించిన రాయి. ఆయన పోయాక అమ్మ ఒంటి మీద ఆయన గుర్తు అదొక్కటే.

"రాయి దొరికేదాకా ఇత్తనం గడప దాటగూడదు," అంది. బయట చేలో పదును ఆరిపోతోంది. విత్తడానికి మాట్లాడుకున్న ట్రాక్టరు వాకిట్లోకి వచ్చేసింది.

సంచులు విప్పి మళ్లీ చూశాం. పంచ ఊడ్చాం. నా ముందున్న రాళ్ల కుప్పలో ఒక్కొక్కటీ తిప్పి చూశాను. లేదు.

"ఏరినవన్నీ ఈడనే ఏసినావా?"

"ఈడనే అమా. నా కండ్లతో చూసి ఏసినా."

"నీ కండ్ల సంగతి వజ్రకరూరు చేలను అడిగితే చెప్తాయి. కూచో. చేట పట్టు."

రెండు దోసిళ్ల విత్తనం పోసి, గుప్పెడు గులకరాళ్లు కలిపి, ఈసారి నా ఎదురుగా కూర్చుంది. "గుంతకల్లులో మీ చిన్నమ్మ ఎట్లుందప్పా?" అని అడిగింది. చిన్నమ్మ మోకాళ్ల దగ్గర మొదలుపెట్టి ఆమె కోడలి దాకా వచ్చాను. అప్పుడు అమ్మ నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి నా వెనక్కి, గోడ పక్కనున్న నీళ్లతొట్టి వైపు చాచి ఉంది.

"ఇది ఎన్నోదో ఎరుకనా? పెద్దవి ముందర ఏస్తాండావు, సన్నవి ఎనక్కి ఇసురుతాండావు."

యాభై ఏళ్లుగా నాతోనే ఉంటున్న చెయ్యి. ఈ ఏర్పాటు సంగతి నాకు ఎన్నడూ చెప్పలేదు.

తొట్టి కింద తడిమట్టిలో, సన్నటి గులకల మధ్య, తెల్లరాయి దొరికింది. అంటే దాన్ని నేను పట్టుకున్నాను. వేళ్లు గింజ కాదని తేల్చి పారేశాయి. చేలో మెరిసిన ప్రతి పెంకునూ వజ్రమనుకునే మనిషిని, చేటలో మెరిసినదాన్ని గులక కింద జమకట్టేశాను. కన్ను చూసిందా? చూస్తే నాకెందుకు చెప్పలేదు? చూడకుంటే వేళ్లకు చెప్పిందెవరు? ఇంత జరుగుతుంటే నేననేవాణ్ణి ఎక్కడున్నట్టు? గుంతకల్లులో, చిన్నమ్మ కోడలి దగ్గరేమో.

అమ్మ రాయిని కొంగున ముడేసుకుని, దాన్ని రెండుసార్లు తడిమి చూసుకుని, "ఇంగ ఎత్తు సంచి," అంది.

విత్తడం అయ్యాక వచ్చి అన్నానికి కూర్చున్నాను. తింటూ ఏదో చెబుతుంటే అమ్మ నా కంచం వైపు చూసి నవ్వడం మొదలుపెట్టింది. చూస్తే అంచున వరసగా కరివేపాకులు. తీసిన గుర్తు లేదు.

"పారేసేకి ముందు ఒగసారి చూసుకోప్పా," అంది.

ఎందుకైనా మంచిదని ఒక్కొక్క ఆకూ తిప్పి చూశాను.