జేజి ఆమెన్ అనేదాకా

నా పాత ఫిల్ము కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఎప్పుడో చచ్చిపోయింది. ఫోనులో అందుకు ఓ యాప్ ఉందని స్నేహితులు చెప్తారు. ఉంటే ఉండనీ. నాకది పక్కవాడి పేపరు చూసి పరీక్ష రాసినట్టుంటుంది. అయినా మా కడప ఎండకు మీటరెందుకు? నిండు ఎండలో వెలుతురు దూరే కంతను, అంటే ఎపర్చర్‌ను, పదహారు మీద పెట్టి, షట్టరు వేగాన్ని ఫిల్ము డబ్బా మీది వేగం అంకెకు దగ్గరగా తిప్పి నొక్కడమే. నీడలోకి వస్తే మాత్రం ఆ పదహారును ఎనిమిదికో ఐదున్నరకో దించి, వెలుతురు ఎక్కువ దూరేలా చేయాలి. ఎంత దించాలన్నదే అందాజు. అందులో నన్ను మించినవాడు లేడని నా ధీమా.

మైదుకూరు దగ్గరి పల్లెలో ఉండే మా జేజి, అంటే మా నాయన తల్లి, ఆ ధీమాను పరీక్షకు పెట్టింది. తను పోయాక గోడకు వేసే ఫొటో తీయమంది.

"మీ తాతను సూడు, గోడ మీద గూడా నిద్రపోతాండాడు. నాది కండ్లు తెరిచి ఉండాల. ఆ మెరుపు మాత్రం పెట్టద్దు నాయనా."

తాతకు ఉన్నది ఒక్కటే ఫొటో. అందులో ఫ్లాష్ మెరుపుకు కళ్ళు మూసేశాడు. ఆయన పోయాక దానికే పటం కట్టించారు. ఆ కళ్ళ కోసం జేజి ఇన్నేళ్ళుగా బాధపడుతూనే ఉంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, తెల్లచీరతోనే ఇంటి ముందు బండ అరుగు మీద కూర్చుంది. అప్పటికే పిల్లా జెల్లా అందరినీ ఎండలో నిలబెట్టి తీసేశాను. రీలులో ఒక్క ఫొటోకే చోటుంది. జేజి ముఖం మీద ఎండ పడుతోంది. పదహారు పెట్టి కెమెరా కంటికి ఆనించాను.

"ఆగప్పా. ప్రార్థన చేసుకోకుండానేనా?"

కొత్త చెప్పులు తొడిగినా ప్రార్థన చేసే ఇల్లు మాది. జేజి కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. కెమెరా చేసినోళ్ళతో మొదలుపెట్టి, పాస్టరు మోకాళ్ళ నొప్పుల మీదుగా, పత్తికొండలో ఉన్న మా మేనత్త టమోటా తోట దాకా వెళ్ళింది. నేనూ కళ్ళు మూసుకోవాలి. ఒక కన్నే మూశాను.

తెరిచిన కంటికి చూరు నీడ జరగడం కనిపించింది. ముందు జేజి నుదురు మీదికి వచ్చింది. పదకొండుకు తిప్పాను. ముక్కు దాకా దిగింది. ఎనిమిది. జేజి అప్పుడే మా చిన్నాన్న బర్రె దగ్గరికి చేరింది. చూస్తుండగానే ముఖమంతా నీడలో పడింది, ఒడిలో చీర మాత్రం ఎండకు మండిపోతోంది. చీరకు సరిపెడితే ముఖం బొగ్గవుతుంది. నిజంగానే భయమేసింది. ఎండలోకి జరగమని చెబుదామంటే, ప్రార్థన మధ్యలో ఆమెను ఆపే మగాడు మా వంశంలో పుట్టలేదు. చీర పోతే పోనీ అనుకుని ఐదున్నరకు దించాను.

"...ఈ బిడ్డ యాడ పోయినా తోడుండు తండ్రీ. ఆమెన్."

కళ్ళు తెరిచింది. నొక్కాను.

ఫిల్ము కడిగే వాళ్ళు మా ఊళ్ళలో ఇప్పుడెవరూ లేరు. బెంగళూరుకు పంపించి, ఫొటోలు వచ్చేదాకా తిండి సయించలేదు. వచ్చాక చూస్తే, ఎండలో తీసినవన్నీ పుస్తకంలో చెప్పినట్టు కుదిరాయి. కానీ ఒక్కరికీ కళ్ళు లేవు, అందరూ చిట్లించుకునే ఉన్నారు. జేజి చీర సున్నం కొట్టిన గోడలా ఉంది, కుచ్చిళ్ళన్నీ మాయం. ముఖం కాస్త నలుపు. కళ్ళు మాత్రం నిండుగా, పెద్దగా, నన్నే చూస్తున్నాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

జేజి ఫొటోను చాలాసేపు చూసుకుంది. చావుదాకా ఆగలేదు, ఆ వారమే పటం కట్టించి తాత పక్కన వేయించింది. బతికున్నోళ్ళ పటం పోయినోళ్ళ పక్కన పెడతారా అని మా చిన్నమ్మ గొణిగింది.

"ఆయప్ప లేసేదాకా ఎవురో ఒకరు మేలుకోని ఉండాల గదమ్మా" అంది జేజి, తాత పటం చూపిస్తూ.