కోతుల సీసాలు తుడిచిన రోజు

మా మనవరాలు కోతుల పెంటను వేలెడంత ప్లాస్టిక్ సీసాల్లో పోసి దాచే చదువు చదువుతోంది. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే సైన్సు అని చెప్పి ఊరుకుంటాను. నేను చదివింది మూడో తరగతి. అయినా ఆమె చెప్పింది నాకు అర్థమైంది, ఎందుకంటే అది అత్తాకోడళ్ళు ఎప్పటినుంచో కొట్లాడుకునే సంగతే. పనితనం రక్తంలో వస్తుందా, చూసి నేర్చుకుంటే వస్తుందా అని.

ఆనేకల్ దాటాక ఒక కొండ ఉంది. అక్కడ కొన్ని ఆడకోతులు జనం పారేసిన టెంకాయ పీచులోంచి ఒక పోగు లాగి, రెండు చేతులా పట్టుకుని పళ్ళ సందులు శుభ్రం చేసుకుంటాయి. మిగతావి చేసుకోవు. చేసుకునేవన్నీ ఒకే తల్లి సంతానమా అన్నది ఆమె తేల్చాలి. అడవి కోతిని పట్టి సూది గుచ్చడం వాళ్ళకు ఇష్టం లేదు. పెంటతో పాటు పేగు పొర కొద్దిగా వస్తుందట, దాన్ని మెషీన్లో పెడితే ఎవరికి ఎవరు పుట్టారో తెలుస్తుందట.

"నువ్వు నా కూతురి కూతురివే కదా, సంగటి కెలకడం రక్తంలో రాలేదెందుకే?" అని అడిగాను.

"దానికి వేరే స్టడీ చేయాల అవ్వా" అంది.

ఒక శుక్రవారం కొండ నుంచి నేరుగా చందాపురలోని మా ఇంటికి వచ్చింది. ల్యాబు సోమవారం గానీ తెరవరు. సీసాల డబ్బా ఫ్రిజ్‌లో పెడతానంటే, పెరుగు పక్కన కోతి పెంట కుదరదన్నాను. స్పిరిట్‌లో ఉన్నాయి, బయటున్నా చెడవులే అని బీరువా మీద పెట్టి హాస్టలుకు పోయింది.

ఆదివారం బీరువా దగ్గర ఆసుపత్రి వాసన కొట్టింది. డబ్బా దించి చూస్తే, అదనంగా తెచ్చుకున్న స్పిరిట్ బాటిల్ మూత వదులై అడుగంతా కారి ఉంది. నీళ్ళలా తేటగా ఉన్న మంచి స్పిరిట్. పారబోయడానికి చేయి రాలేదు. పాత చీర గుడ్డకు అద్ది, కొండ దుమ్ము పట్టిన ముప్పై ఆరు సీసాలనూ ఒక్కొక్కటిగా తుడిచాను. కళ్ళద్దాలు పెట్టుకోలేదు. మీద ఏవో నల్ల మరకలు కనిపిస్తే పోయేదాకా రుద్దాను. మిగిలినదానితో స్విచ్ బోర్డులు కూడా మెరిసేలా చేశాను.

సోమవారం ఆమె వచ్చి డబ్బా తెరుస్తుంటే మెచ్చుకుంటుందని పక్కనే నిలబడ్డాను. ఒక్కో సీసా తీసి వెలుతురుకు తిప్పి తిప్పి చూసింది. ఆ మరకలు నంబర్లు. ఏ నంబరు ఏ కోతిదో నోటుబుక్కులో ఉంది. ఏ సీసా ఏ నంబరో ఇక ఎవరికీ తెలియదు. రెండు నెలల్లో పెద్ద సార్లకు పని చూపించాలి. చూపించలేకపోతే కోతుల్ని వదిలి వేరే పని చూసుకోమంటారు. తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది.

మెషీన్ చెప్పదా అని అడిగాను.

"ఏ సీసాకు ఏ సీసా తల్లో చెప్తాది అవ్వా. ముఖం చెప్పదు."

ముఖం తెలిసిన కోతుల దగ్గర మళ్ళీ తాజాగా తెస్తే, అది పాత సీసాల్లో దేనితో కలుస్తుందో చూడొచ్చట. కానీ ఏ కోతి ఎప్పుడు వేస్తుందో కన్నార్పకుండా కనిపెట్టాలి. ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. నేనొస్తానన్నాను. మోకాళ్ళ సంగతి ఎత్తింది.

"నీకూ మీ అమ్మకూ ముఖం చూసి ముందే గుడ్డ పరిచినదాన్ని. ఇవెంత?" అన్నాను.

పన్నెండు రోజులు బస్సెక్కాం. నేను గొప్ప చెప్పుకోను గానీ, తోక ఎత్తకముందే చెప్పేదాన్ని. చెవి తెగిన ముసలి కోతి ఒకటి నా చిత్రాన్నం డబ్బా లాక్కుని, తిని, నా ఎదుటే పీచుతో పళ్ళు శుభ్రం చేసుకుంది. మా ఇంట్లో మగవాళ్ళకు కూడా అంత శుభ్రం లేదు. దాని వెంటే తిరిగే ఒక పిల్లకోతి, అది వదిలేసిన పోగు తీసుకుని మొదట నమిలింది. నాలుగో రోజుకు సరిగ్గా లాగింది. ముక్కు చూడు, దీని కూతురే, రాసుకో అన్నాను. ముక్కు చూసి రాయకూడదంది.

గడువుకు వారం ముందు ముప్పై ఒక్క సీసాలకు సొంతదారులు దొరికారు. ఐదింటికి దొరకలేదు. ఆ పిల్లకోతి ముసలిదాని కూతురు కాదట. మనవరాలు కూడా కాదట. దాని కన్నతల్లి పీచు ముట్టని ఇంకో కోతి. మళ్ళీ చూడమన్నాను. రెండుసార్లు చూసినానంది. అంటే చూసి నేర్చుకున్నట్టే కదా అంటే, ఒక్క పిల్లను చూసి అట్లా చెప్పలేం, ఇంకా చూడాలంది. వీళ్ళ చదువులో ఏదీ తొందరగా తేలదు.

సార్లకు చూపించి వచ్చిన రోజు మధ్యాహ్నం దోసెలు పోస్తూ ఏమన్నారని అడిగాను. కోతుల పని కొనసాగించమన్నారట. చూసినవాళ్ళ జాబితాలో నా పేరు కూడా రాసిందట.

"తుడిచింది కూడా నేనేనని చెప్పినావా?"

"చెప్పినా. ఐదు సీసాలు ఎందుకు పక్కన పెట్టినావని అడిగినారు."

"పగిలినాయని చెప్పుంటే ఏం పోయుండేది?"

"ఆ ఐదింటికి అబద్ధం చెప్తే మిగతా ముప్పై ఒకటీ ఎవరు నమ్ముతారు అవ్వా?"

చాలు అంటున్నా వినకుండా ఆమె ప్లేటులో ఇంకో దోసె వేశాను.