ఆర్విడ్ లెక్క తప్పిన సోమవారం

ఆర్విడ్ టోర్గర్సన్‌కి శాతం లేకుండా మాట్లాడటం రాదు. "బాగున్నారా పెద్దాయనా?" అని పలకరిస్తే మా నార్‌బీలో ఎవరైనా "ఆఁ, ఫరవాలేదు" అంటారు. ఆర్విడ్ మాత్రం ఒక్క క్షణం ఆగి, కళ్ళు పైకి తిప్పి, "డెబ్భై రెండు" అంటాడు. నిన్న డెబ్భై నాలుగట. ఆ రెండూ ఎక్కడ పోయాయని పొరపాటున అడిగారో, మీ మధ్యాహ్నం పోయినట్టే.

తప్పు ఆయనది కాదు, ధాన్యం గిడ్డంగిది. నలభై ఒక్క ఏళ్ళు అక్కడ నిలబడి, రైతులు తెచ్చిన మొక్కజొన్నలో తేమ నూటికి ఎంతో చెప్పడమే ఆయన ఉద్యోగం. ఉద్యోగం మానేశాడు గాని నాలుక మానలేదు. చర్చిలో ప్రసంగం అయ్యాక పాస్టర్ గారి చెయ్యి పట్టుకుని, "ఈ వారం పదకొండు శాతం కొత్తదండీ" అంటాడు. ఆయన భార్య సెల్మా ఓసారి నాతో చెప్పింది: "పెళ్ళి చేసుకుందాం అన్ననాడే, తొంభై శాతం ఖాయం అన్నాడు. మిగతా పదీ ఏమిటని యాభై ఏళ్ళుగా అడుగుతున్నా. వాన పడితేనో, అంటాడు."

అంతవరకూ ఊరు భరించింది. కానీ తేమ చూడటం మానేశాక ఆయనకి కొలవడానికి ఇంకేదో కావలసివచ్చింది. దొరికింది మా రోలీ స్వబోడా కుడిచెయ్యి.

రోలీ మా ఊరి బేస్‌బాల్ జట్టులో పిచ్చర్. వారమంతా పాల ట్యాంకర్ నడుపుతాడు, ఆదివారం బంతి వేస్తాడు. నేను క్యాచర్ని. పేరు ఎల్డన్. వారమంతా ఊరివాళ్ళ ఇళ్ళలో పైపులు బిగిస్తాను, ఆదివారం బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని రోలీ బంతులు పడతాను. పద్దెనిమిదేళ్ళుగా ఇదే. రోలీ దగ్గరున్నవి మూడు రకాలు: వేగం బంతి, వంపు బంతి, నెమ్మది బంతి. ఏది వెయ్యాలో నేను వేళ్ళతో సైగ చేస్తాను. నచ్చితే తల ఊపుతాడు, నచ్చకపోతే అడ్డంగా తిప్పుతాడు. మాకది ఆట. ఆర్విడ్‌కి అదో మొక్కజొన్న లోడు.

నా వెనక బంతులాపే వల అవతల మడతకుర్చీ వేసుకుని మూడు రంగుల పెన్సిళ్ళతో కూర్చునేవాడు. వేగం ఎరుపు, వంపు నీలం, నెమ్మది ఆకుపచ్చ. బ్యాటర్ది ఏ చేతివాటం, మూడైతే అవుటయ్యే ఆ స్ట్రైకులెన్ని, ఏ బేస్ మీద ఎవడున్నాడు, అన్నీ రాసేవాడు. దోమలు పీక్కుతింటున్నా తల ఎత్తేవాడు కాదు. ఆట అయ్యాక మా మీద పడేవాడు.

ఓసారి తొమ్మిదికి ఒకటితో గెలిచాం. కేకలేసుకుంటూ కార్ల దగ్గరికి వెళ్తుంటే ఎదురొచ్చి నిలబడ్డాడు.

"ఆ ఒక్కటీ ఎందుకిచ్చామో చెప్పనా?"

"వద్దు పెద్దాయనా."

"రెండు స్ట్రైకులు పడ్డాక వంపు బంతి అరవై ఎనిమిది శాతం వేస్తున్నాడు. అంత వేస్తే వాళ్ళు కాచుకుని కూర్చోరూ?"

"తొమ్మిది కొట్టాం కదండీ!"

"అది వేరే పుస్తకం," అన్నాడు.

రోలీ అత్తగారు పోయినప్పుడైతే మరీ ఘోరం. చర్చి గుమ్మం దగ్గర అందరూ వరసలో వచ్చి రోలీ చెయ్యి పట్టుకుని రెండు మంచి మాటలు చెప్పి వెళ్తున్నారు. ఆర్విడ్ వంతు వచ్చింది. రెండు చేతులతో రోలీ చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి.

"మహాతల్లి, నాయనా. అలాంటి మనిషి ఇక పుట్టదు." గొంతు తగ్గించాడు. "మొదటి బంతి వేగంగా వేసేది ఎనభై ఒక్క శాతం. క్లియర్ ఫోర్క్ వాళ్ళు కనిపెట్టేశారని విన్నాను."

రోలీ పళ్ళు కొరికి, "ఇప్పుడా?" అన్నాడు.

"ఆట ఆదివారమే కదా మరి."

మేం పట్టించుకోలేదు. ఆదివారం క్లియర్ ఫోర్క్ బ్యాటర్లు వరసగా ముగ్గురు మొదటి బంతికే బ్యాట్ ఝాడించారు. మూడోవాడు కొట్టింది కంచె దాటి చేలో పడింది. వల వెనకనుంచి ఒక్క మాట వినిపించింది.

"ఎనభై రెండు."

ముసలాయన గొంతు పిసకాలనిపించింది. కానీ మా మేనేజర్ హార్లన్ ఆ రాత్రి ఏం ఆలోచించుకున్నాడో, మర్నాడే ఆయన్ని పిలిపించాడు. హార్లన్ ఊరి మంగలి. జట్టు ఆఫీసూ, మంగలి షాపూ ఒకటే. అప్పట్నుంచి ప్రతి సోమవారం ఆర్విడ్ క్షవరం కుర్చీలో కూర్చుని అంకెలు చదవడం, మేం బల్లల మీద కూర్చుని నోళ్ళు మూసుకుని వినడం. ఆయన తలమీద ఉన్న జుట్టుకి ఏడాదికోసారి క్షవరం చాలు. అయినా హార్లన్ వారం వారం కత్తెర ఆడించేవాడు.

అడక్కుండా చెప్పే ఆ మనిషి చెప్పిందల్లా నిజం కావడం, అదీ అసలు బాధ. రోలీ మొదటి బంతులు మార్చాడు, రెండు స్ట్రైకుల తర్వాత నెమ్మది బంతి వెయ్యడం మొదలెట్టాడు. అవతలి బ్యాటర్లు గాల్లో బ్యాట్లు తిప్పుకుంటూ వెనక్కి వెళ్ళేవాళ్ళు. మేం గెలుస్తూ పోయాం. నేను ఎక్కడ కనిపించినా ఆర్విడ్ వదిలేవాడు కాదు. ఓ ఇంట్లో వంటింటి సింకు కింద వెల్లకిలా పడుకుని పైపు బిగిస్తుంటే పక్కన రెండు బూట్లు ఆగాయి. "ఎడమచేతి వాళ్ళకి నువ్వు లోపలివైపు అడిగేది పంతొమ్మిది శాతమేనోయ్." ఆ ఇల్లు ఆయనది కాదు. ఎలా వచ్చాడో ఇంటావిడకే తెలీదు.

"పోనీ, పది బంతులు చూసి చెప్తున్నారేమో?" అని ఓసారి విసుక్కున్నాను.

ఆయనకి నిజంగా కోపం వచ్చింది. "నలభై బంతులు చూడందే నేను నోరు విప్పను అబ్బాయ్. నలభైలోపు దాన్ని శాతం అనరు, పుకారంటారు."

జూన్ మధ్యనుంచి రోలీకి ఏదో పట్టింది. మూడో బేస్ మీద, అంటే పరుగుకి ఒక్క బేస్ దూరంలో, అవతలివాడు ఉంటే చాలు, నేను వంపు బంతికని రెండు వేళ్ళు చూపించడం, వాడు తల అడ్డంగా తిప్పడం. మళ్ళీ రెండు వేళ్ళు చూపిస్తే మళ్ళీ అడ్డంగా తిప్పుతాడు. వేగం బంతే వేసేవాడు. వాడి వంపు బంతి చివర్లో నేలకి దిగుతుంది. దాన్ని కొట్టగలిగినవాడు మా జిల్లాలో లేడు. అలాంటిదాన్ని సరిగ్గా అవసరమైనప్పుడే దాచేస్తున్నాడు. రెండు ఆటలు అలాగే ఓడిపోయాం.

"ఒరేయ్, నా వేళ్ళు కనబడ్డం లేదా, కళ్ళద్దాలు కొనిపెట్టమంటావా?"

"బంతి పట్టు కుదర్లేదురా," అనేవాడు రోలీ, నేల చూసుకుంటూ.

"రెండో బేస్ మీద వాడుంటే కుదిరే పట్టు, వాడు మూడోదానికి రాగానే ఎక్కడికి పోతుంది?"

సరే, వీణ్ణి అంకెలతోనే కొట్టాలనుకుని, బతుకులో మొదటిసారి నేనే ఆర్విడ్‌ని వెతుక్కుంటూ వెళ్ళాను. పోస్టాఫీసు మెట్లమీద దొరికాడు.

"మూడో బేస్ మీద మనిషి ఉన్నప్పుడు రోలీ వంపు బంతి ఎంత శాతం వేస్తున్నాడు పెద్దాయనా?"

ఆర్విడ్ కవర్లు ఇటూ అటూ తిప్పాడు. "చెప్పలేనోయ్. చాలినన్ని బంతుల్లేవు."

"ఎన్నున్నాయి?"

"కొన్ని."

ఆర్విడ్ టోర్గర్సన్ నోట "కొన్ని" అన్న మాట ఈ ఊరు ఎప్పుడూ వినలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "వేసవంతా సింకు కిందకి దూరి మరీ చెప్పారు! నా అంతట నేనొచ్చి అడిగితే కొన్నా?"

"ఎండ ఎక్కువగా ఉంది," అని వెళ్ళిపోయాడు. ఎంత ఎక్కువో కూడా చెప్పలేదు.

వచ్చే ఆదివారం జిల్లా ఫైనల్. సోమవారం షాపులో అందరం ఉన్నాం. ఆర్విడ్ మెడచుట్టూ తెల్లగుడ్డ. హార్లన్ కత్తెర ఆపి, అద్దంలో ఆయన్నే చూస్తూ అదే ప్రశ్న అడిగాడు.

"మూడో బేస్ మీద మనిషి ఉంటే మనవాడు వంపు బంతి మానేస్తున్నాడని నా అనుమానం. అంకె చెప్పండి పెద్దాయనా. ఫైనల్ ముందు నాకు తెలియాలి."

ఆర్విడ్ తెల్లగుడ్డ సరిచేసుకున్నాడు. "ముప్పై మూడు శాతం," అన్నాడు.

"మిగతా వేళల్లో?"

"ముప్పై నాలుగు. తేడా ఏం లేదు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. రోలీ కిటికీలోంచి వీధి చూస్తున్నాడు. హార్లన్ "సరే అయితే" అని మళ్ళీ కత్తెర ఆడించాడు.

ముప్పై మూడా! ఆ బంతుల కోసం వేళ్ళు చూపించింది నేను, కాదనిపించుకున్నది నేను. నూటికి అయిదు కూడా ఉండవు. పాపం, ముసలాయన బుర్ర మందగిస్తోంది, అంకెలు కలిసిపోతున్నాయి అనుకున్నాను. అన్నాళ్ళు విసుక్కున్నందుకు సిగ్గేసింది. మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి, సెల్మాతో మెల్లగా చెప్పాను.

"పెద్దమ్మా, ఆయన్ని ఓసారి డాక్టర్‌కి చూపిస్తే మంచిదేమో. నిన్న అంకె తప్పు చెప్పారు."

సెల్మా చేతిలో గిన్నె కిందపెట్టింది. "ఆర్విడా? అంకె తప్పా? దానికన్నా ఆయన పోయాడని చెప్పు, నమ్ముతాను." గబగబా వెళ్ళి బల్లమీది పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "చూడు. నువ్వే చూడు."

పేజీ దొరికింది. మూడో బేస్ మీద మనిషి ఉన్నప్పుడు: జూన్ తొమ్మిదికి ముందు, ముప్పై అయిదు శాతం. తర్వాత నూట పన్నెండు బంతులు, అందులో వంపువి అయిదు. నాలుగు శాతం. అంకె తప్పలేదు.

దాని కింద సన్నటి అక్షరాలతో ఇంకో వరస: "ఎల్డన్, కుడి మోకాలు. నేలకి దిగిన బంతులు 26. వెనక్కి పోయినవి 11."

జూన్ తొమ్మిదికి రెండ్రోజుల ముందు ఓ ఇంటి సెల్లార్‌లో తడి మెట్టు మీద జారి మోకాలు తిప్పుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. గట్టిగా కట్టు కట్టుకుని, ఎవరూ చూడకుండా మంచు పెట్టుకుంటూ, చాలా తెలివిగా నెట్టుకొస్తున్నానని నా నమ్మకం. నేలకి దిగే బంతిని ఆపాలంటే రెండు మోకాళ్ళూ టపీమని నేలకి వెయ్యాలి. వెయ్యకపోతే బంతి వెనక్కి పోతుంది, మూడో బేస్ మీదివాడు నడుచుకుంటూ వచ్చి పరుగు పట్టుకుపోతాడు. ఆ పరుగు నా పేరు మీద పడకూడదని రోలీ తన మంచి బంతే మానుకున్నాడు.

పేజీ అడుగున ఇంకో మాట. దాన్ని రెండుసార్లు చెరిపి రాసినట్టుంది.

"అడిగితే: 33."

అంతలో చిక్కుడుకాయల బుట్టతో ఆర్విడ్ పెరట్లోంచి వచ్చాడు. నన్నూ పుస్తకాన్నీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అబద్ధం చెప్పారు," అన్నాను.

"చెప్పాను."

"ఎందుకూ? మీ అంకె వింటే హార్లన్ నా బదులు బెంచీ మీదున్న కుర్ర క్యాచర్ బ్రెంట్‌ని దింపేవాడు. వాడివి మంచి మోకాళ్ళు. ఆ రెండు ఆటలూ గెలిచేవాళ్ళం."

ఆయన బుట్ట కిందపెట్టి కాయలు సర్దాడు. "మొక్కజొన్న లోడయితే తేమ ఎక్కువుందని వెనక్కి పంపెయ్యొచ్చు నాయనా. పద్దెనిమిదేళ్ళు అక్కడ కూర్చున్న మనిషిని ఒక్క అంకె చెప్పి లేపేస్తే ఎలా? నీ అంతట నువ్వు లేస్తే వేరు."

"పోస్టాఫీసు దగ్గర నాకైనా చెప్పొచ్చుగా?"

"నీ మొహం చూసి చెప్పలేకపోయాను," అన్నాడు. "ఆ రోజంతా సెల్మాకి కూడా ఒక్క శాతం చెప్పలేదు."

నేను తిన్నగా మంగలి షాపుకి వెళ్ళాను. కట్టు విప్పి మోకాలు హార్లన్‌కి చూపించి, "ఆదివారం బ్రెంట్‌ని పెట్టు. నన్ను మొదటి బేస్‌లో నిలబెట్టు, అక్కడ వంగక్కర్లేదు," అన్నాను. వాడు మోకాలు చూసి, నన్ను చూసి, "సరే," అన్నాడు. అంతే. పద్దెనిమిదేళ్ళకి ఒక్క సరే. దారంతా తిట్టుకున్నాను.

ఫైనల్లో చివరి ఇన్నింగ్స్. మేం ఒక్క పరుగు ముందున్నాం. మూడో బేస్ మీద క్లియర్ ఫోర్క్ వాడు, మాకు ఇంకొక్క అవుటు కావాలి. రెండు స్ట్రైకులు. బ్రెంట్ రెండు వేళ్ళు చూపించాడు. రోలీ ఒక్కసారి మొదటి బేస్ వైపు నన్ను చూశాడు. నేను, "వెయ్యరా నాయనా, వేసి చావు!" అని అరిచాను. తల ఊపాడు. బంతి బ్యాటర్ దాకా తిన్నగా వెళ్ళి నేలలోకి దిగింది. వాడు గాలిని కొట్టాడు. బ్రెంట్ రెండు మోకాళ్ళూ నేలకేసి, బంతిని గుండెతో ఆపి, ఎగిరి దాన్ని బ్యాటర్‌కి అంటించాడు, వాడు అవుట్. గెలిచాం!

జట్టంతా రోలీ మీద పడి గుట్టయింది. నేను కుంటుకుంటూ వెళ్ళేసరికి గుట్ట నాకోసం విడిపోయింది. వంద కిలోల ఎడమవైపు ఫీల్డర్ నా మీదకి దూకబోయి, అడుగు దూరంలో బ్రేకేసుకుని, పెళ్ళివారితో కలిపినట్టు మర్యాదగా చెయ్యి కలిపాడు. వెనకాల అందరూ అంతే. ఎవడూ నా మీద పడలేదు. ఒకడైతే, "మోకాలు జాగ్రత్త" అన్నాడు.

నేను హార్లన్‌ని పక్కకి లాగాను. "వీళ్ళందరికీ ఎప్పట్నుంచి తెలుసు?"

"జూన్ నుంచి. నువ్వు కోడిపుంజులా నడుస్తుంటే తెలీదా?"

"నీకూ?"

"నాకూ. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా."

"మరి సోమవారం ఆర్విడ్‌ని అంత నిలదీశావేం?"

"నిజం చెప్పేస్తే నిన్ను మార్చక తప్పేది కాదు. ఆయన చెప్తాడో లేదో తేల్చుకుందామనుకున్నా." హార్లన్ వల వైపు చూశాడు. అక్కడ ఆర్విడ్ తల వంచుకుని, గెలుపు సంగతే పట్టనట్టు ఆ చివరి బంతికి నీలం పెన్సిల్‌తో గుర్తు పెడుతున్నాడు. "చెవులు చూశావా ఆ రోజు? టమాటాల్లా అయ్యాయి. కత్తెర చేతిలో ఉంది గాబట్టి నవ్వు ఆపుకున్నా."

"ఆయనకి చెప్పనా, నీకు ముందే తెలుసని?"

"చెప్పావంటే చంపేస్తా," అన్నాడు హార్లన్. "భలే అబద్ధమాడేశానని సంబరపడుతున్నాడు ముసలాయన."